గళ్ళ చొక్కా ముక్క

“ముందా తలుపు గడియ పెట్టు,” అంది ఆడపడుచు.

కోడలు గడియ పెట్టి వచ్చింది. మంచం మీద పరిచిన బొంత చుట్టూ ముగ్గురు నిలబడ్డారు. కోడలు, ఆమె భర్త, అతని అక్క. పక్క గదిలో అత్తగారు రేడియో వింటోంది. రేడియో మోగినంతసేపు భయం లేదు. అది ఆగిందంటే ఆవిడ చెవులు ఇటు తిరిగాయన్న మాటే.

బొంత ఆ ఇంటిది కాదు. గొడవంతా అదే. బజారులో గుండీలు, దారాలు, జిప్పులు అమ్ముకునే ఒకావిడ ముక్కలు అతికి కుట్టుకున్నది. వారం వారం జరిగే బొంతల క్లాసులో ఆవిడని అందరూ గుండీలావిడ అనే అంటారు. మూల అతుకు ఎలా వేశారో చూసి నేర్చుకుంటానని చెప్పి, కోడలు నిన్న ఆ బొంతని సంచీలో పెట్టుకుని ఇంటికి పట్టుకొచ్చింది. తీరా వచ్చాక మూల వంక చూసిందే లేదు.

బొంత నడుమ ఒక గళ్ళ ముక్క ఉంది. బూడిదరంగు మీద సన్నని నల్లగళ్ళు. దాని మీద మెరూన్ దారంతో, వంకరటింకరగా చేసిన రఫూ.

“ఇది నా చేతి రఫూ,” అంది కోడలు, నిన్నటి నుంచి ఎన్నోసారో.

“లోకంలో వంకరగా కుట్టేది నువ్వొక్కదానివేనా?” అన్నాడు భర్త. అతను బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బస్సు ఎందుకు ఆలస్యమైందో పొద్దస్తమానం అడిగి అడిగి, ఇంటికొచ్చాక ఎవర్నీ ఏమీ అడగని స్థితికి చేరుకున్నాడు.

“మూలమట్టంలా, ఎల్ ఆకారంలో చిరిగింది. ఒకవైపు కుట్టుకుంటూ వచ్చి, మలుపు దగ్గర గుడ్డ ఎక్కువ లాగాను. ముడత పడింది. ఇదిగో ముడత. బూడిదరంగు దారం ఇంట్లో లేక మెరూన్ వేశాను. ఇదిగో మెరూన్. ఇంకేం కావాలి మీకు?”

“మీ షాపు భూతద్దం పెట్టి ఒకసారి సరిగ్గా చూడరాదూ,” అన్నాడతను.

కోడలు కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. అక్కడి చిన్న భూతద్దం ఒకటి ఎప్పుడూ ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది.

“నా తప్పుకుట్టు గుర్తుపట్టడానికి నాకు భూతద్దం అక్కర్లేదు,” అంది.

కాపురానికి వచ్చిన కొత్తల్లో చేసిన రఫూ అది. మామగారు స్కూల్లో డ్రిల్లు మాస్టారు. గ్రౌండు కంచె తగులుకుని ఆయన చొక్కా వీపు మీద, కాలరు కిందగా చిరిగింది. నేను బాగుచేస్తానంటూ కోడలు సరదాపడి తీసుకుంది. బాగుచేసినదాన్ని చూసి ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఈ ఆడపడుచే. మామగారు మాత్రం నవ్వలేదు. చొక్కా తొడుక్కుని, అద్దానికి వీపు పెట్టి మెడ తిప్పి చూసుకుని, “మెడల్ అందరూ ఛాతీ మీద పెట్టుకుంటారు. వీపు మీద ఉన్నది నా ఒక్కడికే,” అన్నారు. ఈలా, కేకా తప్ప ఇంకో భాష రాదని పేరుపడ్డ మనిషి ఆయన. ఆ మాటతోనే కోడలికి ఆ ఇల్లు తన ఇల్లయింది.

చివరి రోజు సాయంత్రం షికారుకి వెళుతూ ఆయన తొడుక్కున్నది ఆ చొక్కానే. బజారులో కూలబడిపోయారు. దారినపోయేవాళ్ళు ఆస్పత్రికి మోసుకెళ్ళారు. ఇంట్లోవాళ్ళు చేరేసరికి అంతా అయిపోయింది. ప్యాంటు, చెప్పులు, వాచీ, మెడలో వేసుకునే ఈల ఇంటికి తిరిగొచ్చాయి. చొక్కా రాలేదు. కత్తిరించి తీయాల్సి వచ్చిందట, అక్కడే పారేశారట అని అత్తగారు చెప్పింది. మనిషే పోయాక చొక్కా సంగతి ఎవరడుగుతారు?

ఏడాది తిరిగాక అది గుండీలావిడ బొంతలో తేలింది.

“నాన్న వంటి మీది చొక్కా ఆవిడ చేతికెలా వచ్చింది?” అంది ఆడపడుచు. “ఆస్పత్రి చెత్తబుట్టలో ఏరుకుందా?”

“ఏరుకుంటే ఏరుకుంది. పాతగుడ్డలు కొనేవాళ్ళ దగ్గర దొరికిందేమో,” అన్నాడు భర్త.

“దొరికినా పెట్టుకోకూడదండీ,” అంది కోడలు. “మా క్లాసులో రూలుంది. మొదటి బొంతలో బయటి గుడ్డ పనికిరాదు. ఇంట్లోవాళ్ళు కట్టి, తొడిగి, ఉతికి ఉతికి మెత్తబడ్డవే పెట్టాలి. బొంత పూర్తయ్యాక అందరి ముందూ పరిచి, ఏ ముక్క ఎవరిదో చెప్పాలి. ఇది మా అమ్మ చీర, ఇది మా తమ్ముడి స్కూలు చొక్కా అని.”

“మరి ఆవిడ చెప్పిందా?”

“అన్నీ చెప్పారు. దీని దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఒకసారి దీని మీద పెట్టి, తీసేసి, పక్క ముక్కకి వెళ్ళిపోయారు.”

భర్త మంచం అంచున కూర్చుని, బొంత తగలకుండా కాళ్ళు పక్కకి జరుపుకున్నాడు.

“ఒక్క ముక్క దాటేసింది. అంతమాత్రానికి నాన్నకి...” అని ఆగిపోయాడు.

“పూర్తి చెయ్యరా. నాన్నకి ఏమిటి?”

“నేనేం అనలేదు. నువ్వే అనుకుంటున్నావు.”

“అనుకోక? రోజూ సాయంత్రం షికారు. ఎండా లేదు, వానా లేదు. ఏనాడైనా మనల్ని రమ్మన్నాడా? నడక అంటే ఎదురింటాయన్నయినా వెంటేసుకుపోతారు. ఈయన మాత్రం ఒంటరిగానే. పడిపోయింది ఎక్కడ? ఆవిడ షాపున్న బజారులో. ఇదంతా కలిపి చూసుకోవడానికి నేను పెద్దగా చదువుకోనక్కర్లేదు. ఇప్పుడే వెళ్ళి ఆవిడ జుట్టు పట్టుకుని బయటికి ఈడుస్తాను.”

“అక్కా, జుట్టు పట్టుకోవడం నీ వృత్తి. అది పార్లరులో చేసుకో.”

ఆడపడుచు మొహం మాడిపోయింది. బ్యూటీపార్లరు పెట్టి ఊళ్ళో సగం తలలు దిద్దింది గాని, తమ్ముడి నోరు దిద్దలేకపోయింది. “నీకు నవ్వులాటగా ఉందిరా. రేపు అమ్మకి తెలిస్తే?”

“అత్తయ్యకి తెలియకూడదు,” అంది కోడలు. మిగతా ఇద్దరి కంటే ఆమె గొంతే గట్టిగా పలికింది. “తెలిస్తే ఆవిడ తట్టుకోలేరు. నాకు ఈ మధ్యాహ్నం వరకు టైమివ్వండి వదినా. నేనే వెళ్ళి అడుగుతాను.”

అత్తగారి కోసమే అంటోంది గాని, లోపల భయం తనకోసం. ఈ ఇంట్లో తనని మొదట మనిషిగా చూసింది మామగారే. ఆ మనిషి మీద మచ్చపడితే తాను ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా మచ్చపడుతుంది. అందుకే ఆమెకి నిజం కావాలి. అది మంచి నిజమే అయ్యుండాలి. రెండోది మన చేతిలో ఉండదని ఆమెకి తెలియక కాదు.

అప్పుడు రేడియో ఆగింది.

ముగ్గురూ తలుపు వంక చూశారు.

“అమ్మాయ్,” అని పిలిచింది అత్తగారు గోడ అవతలినుంచి. “నా కళ్ళద్దాలు ఎక్కడ పెట్టావు?”

కోడలు చటుక్కున బొంత మడిచి బీరువాలో కుక్కి, పక్క గదిలోకి వెళ్ళింది. అత్తగారు పడక్కుర్చీలో కూర్చునుంది. కళ్ళద్దాలు ఆవిడ తల మీదే ఉన్నాయి.

“అక్కడే ఉన్నాయి అత్తయ్యా.”

“ఉన్నాయా,” అంది ఆవిడ, చెయ్యి పైకెత్తి చూసుకోకుండానే. “ముగ్గురూ తలుపేసుకుని ఏం చేస్తున్నారు?”

“దుప్పట్లు సర్దుతున్నాం.”

“దుప్పట్లు సర్దడానికి ముగ్గురా. మంచిదే.” అత్తగారు కాసేపు ఆమె మొహంలోకి చూసింది. “నిన్న క్లాసుకి వెళ్ళొచ్చి ఏమీ చెప్పలేదే? ప్రతి వారం కడుపుబ్బ నవ్వించేదానివి.”

“ఏమీ జరగలేదు.”

“సరే. క్లాసు మాత్రం మానకు. కాలక్షేపంగా ఉంటుందని నేనే పోరి పోరి చేర్పించాను. మానేస్తే నా మాట పోతుంది.”

కోడలు తలూపి బయటికొచ్చింది. అత్తగారికి మతిమరుపు లేదు. కళ్ళద్దాలు తల మీద పెట్టుకుని వెతుక్కునే మనిషి అసలే కాదు. ఆ సంగతి వంటింటి గుమ్మం దాటాక గాని కోడలికి తట్టలేదు.

*

ఆదివారం కాబట్టి గుండీల షాపు షట్టరు సగం దించి ఉంది. కోడలు వంగి లోపలికి వెళ్ళింది. గోడ పొడుగునా చిన్న చిన్న సొరుగులు. ప్రతి సొరుగు మొహానా లోపలున్న రకం గుండీ ఒకటి కుట్టి ఉంది. వెనక ఒక పరదా, పరదా అవతల గది. గుండీలావిడ స్టూలు మీద కూర్చుని, కలగాపులగంగా ఉన్న గుండీల్ని పళ్ళెంలో పోసుకుని ఏరుతోంది. సన్నని మనిషి. నెమ్మదిగా మాట్లాడుతుంది. క్లాసులో కొత్తగా చేరినవాళ్ళకి సూది పట్టుకోవడం నేర్పేది ఆవిడే. కోడలికీ ఆవిడే నేర్పింది.

“మూల అతుకు అర్థమైందా అమ్మా?”

“మూల సంగతి తర్వాత పిన్నిగారూ. నడుమ ముక్క సంగతి చెప్పండి.”

ఏరుతున్న చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది.

“ఏ ముక్క?”

“మీరు చెప్పకుండా దాటేసిన ముక్క. ఆ చొక్కా మా మామగారిది. దాని మీది రఫూ నాది.”

గుండీలావిడ తలెత్తింది. కోడలి మొహం కంటే ముందు ఆమె చేతుల వంక చూసింది.

“ఓహో. ఆ మెడల్ ఇచ్చింది నువ్వేనా,” అంది.

మెడల్ మాట తమ ఇంటి మాట. అది గుమ్మం దాటి, వీధులు దాటి, ఈ స్టూలు దాకా ఎలా వచ్చింది?

“మా మామగారు మీకు ఎలా తెలుసు?”

“షాపుకి వచ్చేవారు.”

“దేనికి?”

“షాపుకి దేనికొస్తారమ్మా?”

“మా ఇంట్లో గుండీలు కొనేది నేను, కుట్టేది అత్తయ్య. ఆయనకి సూదీ గుండుసూదీ తేడా తెలియదు. దేనికొచ్చేవారు?”

గుండీలావిడ తెల్లగుండీ ఒకటి తీసి నల్లవాటిలో వేసి, చూసుకుని, మళ్ళీ తీసింది.

“చొక్కా మీ దగ్గరకి ఎలా వచ్చింది?”

“అది నేను చెప్పకూడదు. ఇచ్చినవాళ్ళు చెప్పాలి.”

“ఇచ్చినవాళ్ళు పోయారుగా.”

గుండీలావిడ ఏదో అనబోయింది. అనకుండా ఊరుకుంది.

“పిన్నిగారూ, మా ఆడపడుచు మీ షాపు ముందుకొచ్చి రచ్చ చేయడానికి కాచుకుని కూర్చుంది. అత్తయ్యకి ఇంకా తెలియదు. మీరు నాకు ఏదో ఒకటి చెప్పండి. నేను ఇంటికి పట్టుకెళ్ళగలిగేది చెప్పండి.”

గుండీలావిడ పళ్ళెం పక్కన పెట్టి, చాలాసేపు షట్టరు కింద కనిపించే వీధి వంక చూసింది. నడిచిపోయేవాళ్ళ కాళ్ళు తప్ప అక్కడ ఇంకేమీ కనిపించవు.

“మాస్టారు కుట్టు నేర్చుకునేవారు,” అంది.

“ఏమిటి?”

“మొదటిసారి బూడిదరంగు దారం కావాలని వచ్చారు. దేనికని అడిగితే చెప్పలేదు. తర్వాత ఒకరోజు, పరదా అవతల నేను బొంత కుట్టుకుంటుంటే చూశారు. రిటైరయ్యాక చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయమ్మా, నాకూ నేర్పుతావా అన్నారు. మీ అత్తగారికి బొంత కుట్టివ్వాలని ఆయన సరదా. డ్రిల్లు మాస్టారు సూది పట్టాడంటే పాత శిష్యులు నవ్వుతారని ఎవరికీ చెప్పొద్దన్నారు. ఎడమచేతి వాటం కదా, ఎదురుగా కూర్చోబెట్టి నేర్పాను.”

కోడలికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ ఒకేసారి వచ్చేసరికి పైటతో మొహం కప్పుకుంది. క్లాసులో ఒక ఎడమచేతి వాటం పిల్ల ఉంది. ఆ పిల్లకీ ఇలాగే ఎదురుగా కూర్చుని నేర్పుతారు. గ్రౌండులో వందమంది పిల్లల్ని ఒక్క ఈలతో నిలబెట్టిన మనిషి, ఈ గుండీల మధ్య ఒళ్ళో గుడ్డముక్క పెట్టుకుని కుట్టుకుంటూ కూర్చోవడం ఆమె కళ్ళకి కట్టింది. ఇదే తనకి కావలసిన నిజం. ఇది ఎవరికైనా చెప్పొచ్చు. అత్తయ్యకి కూడా చెప్పొచ్చు.

“ఆయన కుట్టింది ఏమైనా మీ దగ్గర ఉందా?”

గుండీలావిడ వెంటనే లేవలేదు. లేచాక పరదా అవతలికి వెళ్ళింది. పెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత పెట్టె మూసిన చప్పుడు, ఆ తర్వాత సొరుగేదో లాగిన చప్పుడు. బయటికొచ్చి, చిన్న ముక్కలు అతికి అంచు మడిచి కుట్టిన ఒక చదరాన్ని కోడలి చేతిలో పెట్టింది.

“ఇదిగో. మాస్టారి మొదటి చదరం.”

కోడలు దాన్ని కళ్ళకద్దుకున్నంత పనిచేసింది. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. బొంత సాయంత్రానికల్లా తెచ్చిస్తానని చెప్పి, వంగి వీధిలోకి వచ్చింది.

దారి పొడుగునా ఆడపడుచుతో ఏమనాలో నెమరేసుకుంటూ నడిచింది. చూశారా వదినా, మీరేమో జుట్టు పట్టుకుంటానన్నారు, అని మొదలుపెట్టాలనుకుంది.

*

ఇంటికొచ్చేసరికి భర్త వరండాలోనే నిలబడి ఉన్నాడు. డిపోలో బస్సు బ్రేకు ఫెయిలైనప్పుడు కూడా అతని మొహం అలా ఉండదు.

“బొంత అమ్మ దగ్గరుంది.”

“వదిన చెప్పేశారా?”

“ఎవరూ చెప్పలేదు. నువ్వటు వెళ్ళగానే అమ్మ పిలిచి, బీరువాలో పెట్టిన బొంత ఇటు పట్టుకురా అంది. అక్క తీసుకెళ్ళి ఇచ్చింది. నువ్వొస్తే లోపలికి పంపమంది. ఒక్కదాన్నే.”

అత్తగారి గదిలో కిటికీ దగ్గర ఇంకా వెలుతురుంది. బొంతని ఆవిడ తన మంచం మీద ముడత లేకుండా పరుచుకుని, గళ్ళ ముక్క పక్కనే కూర్చునుంది. ఏడవలేదు. ఏడ్చిన గుర్తులు కూడా లేవు.

“తలుపెయ్యి. కూర్చో,” అంది.

“అత్తయ్యా, మీరనుకున్నట్టు ఏమీ లేదు. నేను వెళ్ళి కనుక్కుని వచ్చాను.”

“నేనేమనుకున్నానో నీకెలా తెలుసు?”

కోడలు తలుపేసి వచ్చి కూర్చుంది.

“ఆ చొక్కా నేనే ఇచ్చాను,” అంది అత్తగారు.

కోడలికి మొదట అర్థం కాలేదు. “ఎవరికి?”

“గుండీలావిడకి. ఆస్పత్రివాళ్ళు కత్తిరించనూ లేదు, పారేయనూ లేదు. నేనే దాచాను. ఆ రోజు మనం వెళ్ళేసరికి ఆయన్ని మోసుకొచ్చినవాళ్ళు చాలామంది వరండాలో ఉన్నారు గుర్తుందా? అందరూ చేతులూపుకుంటూ నిలబడ్డారు. ఒక్కావిడ మాత్రం ఆయన చెప్పులు రెండూ గుండెకి ఆనించి పట్టుకుని నిలబడింది. దారినపోయేవాళ్ళు మనిషిని మోస్తారు. చెప్పులు ఎవరు జాగ్రత్త చేస్తారమ్మా?”

కోడలు హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోకి లాక్కుంది.

“వెతికాను. ఏ షాపో తెలిసింది. బొంతలకి పాతబట్టలు తీసుకుంటారటగా అని చొక్కా పట్టుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. మడత కూడా విప్పలేదు. వేళ్ళు లోపలికి పోనిచ్చి కాలరు కింద తడిమింది. రఫూ అక్కడుందని ఆవిడకి ముందే తెలుసు.”

“అప్పుడే అడిగేయాల్సింది అత్తయ్యా.”

“అడిగితే ఏదో ఒకటి చెబుతుంది. అడగని చోట ఏం చెబుతుందో తెలుసుకోవాలనుకున్నాను. ఇచ్చింది నేనని ఎవరితోనూ అనొద్దని మాట తీసుకున్నాను. క్లాసులో బొంత పరిచి ముక్కముక్కకీ కథ చెబుతారని విన్నాను. దీని గురించి ఏం చెబుతుందో ఎవరో ఒకరు విని నాకు చెప్పాలి. అందుకు నిన్ను చేర్పించాను.”

కోడలు వారం వారం సరదాగా వెళ్ళింది. సూది గుచ్చుకుంటే నవ్వుకుంది. వచ్చి అత్తగారికి ఆ కబుర్లన్నీ పూసగుచ్చినట్టు చెప్పి మురిసిపోయింది. ఇన్నాళ్ళూ ఆవిడ నవ్వింది తన కబుర్లకి కాదు.

“నన్ను వేగుకి పంపారన్న మాట,” అంది. కోపమే అది. దాచుకోలేదు.

“నీకు సరదా కూడా తీరిందిగా,” అంది అత్తగారు. ఆ మాట అన్నాక కాస్త తగ్గింది. “తప్పే. ఇంకెవర్ని పంపను? నా కూతుర్ని పంపితే ఊరంతా పోగయ్యేది. చెప్పు. ఏం చెప్పింది దీని గురించి?”

“ఏమీ చెప్పలేదు. చెయ్యి పెట్టి తీసేశారు.”

అత్తగారు కూడా ఆ ముక్క మీద చెయ్యి పెట్టింది. ఆవిడ మాత్రం తీయలేదు.

ఇంత జరిగినా కోడలి దగ్గర ఈ బాధకి మందు ఇంకా ఉంది. హ్యాండ్‌బ్యాగు తెరిచి చదరం బయటికి తీసింది. షాపులో విన్నదంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. బూడిదరంగు దారం, చేతులు ఊరికే ఉండలేకపోవడం, అత్తగారికి బొంత కుట్టివ్వాలనుకోవడం, శిష్యులు నవ్వుతారని దాచడం. “ఇదిగో, ఆయన మొదటి చదరం. మీకోసం కుట్టడం మొదలుపెట్టింది.”

అత్తగారు చదరాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ఒక్క క్షణం ఆవిడ మొహంలో ఏదో మెత్తబడింది. వేలితో అంచు వెంబడే మెల్లగా రాసుకుంటూ వెళ్ళింది. సగం దాకా వెళ్ళి ఆగింది.

“మీ క్లాసులో ఎడమచేతి పిల్ల ఉందన్నావే. ఆ పిల్ల అంచు కుట్టు ఎలా ఉంటుందని చెప్పావు నాకు?”

చెప్పింది. నవ్వుతూ చెప్పింది, చేతులు తిప్పి మరీ చూపించింది. అంచు మడిచి చేసే ఏటవాలు కుట్టు కుడిచేతి వాళ్ళది ఒకవైపు వాలితే, ఆ పిల్లది సరిగ్గా రెండోవైపు వాలుతుంది. అందుకే ఆ పిల్ల మొదలుపెట్టింది ఇంకొకళ్ళు పూర్తిచేస్తే వెంటనే తెలిసిపోతుంది.

“ఎదురు వాలుగా పడుతుంది,” అంది కోడలు. చదరం చేతిలోకి తీసుకుంది.

అంచు చుట్టూ కుట్టు చక్కగా, సమంగా ఉంది. తాను కుట్టినట్టే, క్లాసులో అందరూ కుట్టినట్టే వాలింది. ఎడమచేతి కుట్టు ఒక్కటంటే ఒక్కటి లేదు. పైగా సూది కొత్తగా పట్టినవాళ్ళ తడబాటు ఎక్కడా లేదు. ఇంత చిన్న సంగతి షాపులోనే కనబడాల్సింది. అప్పుడు చూడాలనిపించలేదు.

“ఇది ఆయన కుట్టింది కాదు,” అంది అత్తగారు. “ఆయన కుట్టే నేర్చుకోలేదు. అక్కడికి వెళ్ళడం మాత్రమే నిజం. మిగతాదంతా కల్పించి నీ చేతిలో పెట్టి పంపించింది.”

కోడలు ఒప్పుకోలేకపోయింది. కళ్ళు మోసం చేస్తున్నాయేమోనని హ్యాండ్‌బ్యాగులోంచి భూతద్దం తీసి చదరం అంచు చుట్టూ చూసింది. అద్దం కింద వాలు ఇంకా స్పష్టంగా కనిపించింది గాని మారలేదు. గుండీలావిడ అబద్ధం చెప్పింది. సూది పట్టుకోవడం నేర్పిన మనిషి, ఏడుస్తున్న తన కళ్ళలోకి చూస్తూ అబద్ధం చెప్పింది.

తలదించుకున్న ఆమె కళ్ళ ముందు బొంత ఉంది. గళ్ళ ముక్క, మెరూన్ రఫూ. భూతద్దం చేతిలోనే ఉంది కాబట్టి దాని మీద పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు.

ఆమె మెరూన్ కుట్లు ఎక్కడివక్కడే వంకరగా ఉన్నాయి. వాటి మధ్యన, గుడ్డ రంగులో కలిసిపోయి, మామూలు కంటికి ఆనకుండా, బూడిదరంగు దారంతో ఇంకెవరో కుట్టారు. ఆమె రఫూ విడిపోతున్న చోటల్లా పట్టి ఉంచారు. ముడత దగ్గర రెండింతలు వేశారు. కుట్లు చిన్నవీ పెద్దవీగా, తడబడుతూ ఉన్నాయి.

అన్నీ ఎదురు వాలుగా ఉన్నాయి.

రఫూ ఊడిపోతోందని ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే తాను చిన్నబుచ్చుకుంటుందని, దారం కొనుక్కుని, సూది పట్టడం నేర్చుకుని, మెడల్ చెక్కుచెదరకుండా ఆయనే నిలబెట్టుకున్నారు. ఆయన కుట్టు నేర్చుకున్న మాట నిజం. ఆ కుట్టు ఆమె కోసమే మొదలైంది.

కళ్ళు మసకబారాయి. తుడుచుకునేలోగా రెండో సంగతి వచ్చి పడింది.

నేర్చుకున్నవాడు కుట్టే ఉంటాడు. ఆయన కుట్టిన చదరాలు ఎక్కడో ఉండే ఉంటాయి. మరి గుండీలావిడ తన చేతి కుట్టు తెచ్చి ఆయనదని ఎందుకిచ్చింది? పరదా అవతల పెట్టె తెరిచిన చప్పుడు మళ్ళీ వినిపించినట్టయింది. ఆ తర్వాత ఎంతోసేపు ఏ చప్పుడూ లేకపోవడం. ఆ తర్వాత పెట్టె మూసేసి, వేరే సొరుగు లాగడం.

ఇవ్వాలనే పెట్టె తెరిచింది. ఇవ్వలేక మూసింది.

“ఏం కనిపించింది?” అంది అత్తగారు.

చెబితే ఆయన పేరు నిలబడుతుంది. నిజంగానే సూది పట్టారని ఈ ఏడాది పొడుగునా కుమిలిన మనిషికి తెలుస్తుంది. కాని అంతటితో ఆగదు. ఆయన కుట్టిందంతా పరాయి ఇంటి పెట్టెలో ఉందని, ప్రాణం పోయినా ఇవ్వనన్నట్టు ఒకావిడ దాచుకుందని మరుక్షణమే తెలుస్తుంది. చెప్పకపోతే మామగారు షికారు పేరు చెప్పి వెళ్ళిన అబద్ధాలకోరుగానే మిగిలిపోతారు.

“ఏం లేదు అత్తయ్యా. నా పాత రఫూనే,” అంది. పొద్దుటి దుప్పట్ల అబద్ధం కంటే ఇది బాగానే కుదిరిందనుకుంది.

అత్తగారు తల మీది కళ్ళద్దాలు కిందికి దించి పెట్టుకుంది. బొంత మీదికి వంగి, చెయ్యి చాపింది.

“ఆ అద్దం ఇలా ఇవ్వు.”